పెరటి తోట – పిలవని అతిథులు



తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళి స్థిరపడిన మాటలు చాలా కొద్ది. వాటిలో ఒకటి 'బాండికూట్'. అది మన 'పందికొక్కు'. పందిలా నేలను తవ్వుతుంది, పందిలా గురగురమంటుంది కాబట్టి మన పెద్దలు దానికి ఆ పేరు పెట్టారు. ఆ మాట తెల్లదొరల నోట పడి 'బాండికూట్' అయింది. ఆ తరువాత ఆస్ట్రేలియాలో, పిల్లల్ని సంచిలో మోసే వేరే జాతి జంతువులకు కూడా అదే పేరు పెట్టేశారు. ఎలుకజాతికి చెందిన ఒక జీవి పేరును మనం ప్రపంచానికి ఇచ్చామంటే, దానితో మనకు ఎంత కాలంగా పరిచయం ఉందో ఊహించండి!

ఈ పాఠంలో పందికొక్కుతో పాటు మన పెరట్లోకి, మేడమీది కుండీల్లోకి పిలవకుండా వచ్చే మరికొన్ని జీవుల గురించి తెలుసుకుందాం. ఎలుక, పాము, దోమ, పావురం, పిండినల్లి. ఇవి ఎందుకు వస్తాయి? వచ్చినప్పుడు ఏం చేయాలి? ఏం చేయకూడదు? ఈ ప్రశ్నలకు జవాబులు వెతకడానికి మనం గుజరాత్‌లోని సూరత్ నగరానికి వెళదాం. సూరతే ఎందుకంటారా? ఎలుకలు, చెత్త, రోగం, ఈ మూడింటికీ ఉన్న సంబంధాన్ని 1994లో చాలా ఖరీదు చెల్లించి నేర్చుకున్న నగరం అది.

సూరత్‌లో ఒక పెరడు

తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్ మనవాళ్ళకు కొత్త ఊరు కాదు. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళిన చేనేత కుటుంబాలు అక్కడి పవర్‌లూమ్‌లలో పనిచేస్తూ తరాలుగా స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా వంటి భాషలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోంది. మనవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా వెంట గోంగూర విత్తనాలు, కరివేపాకు మొక్క తీసుకుపోతారు కదా! అలాగే సూరత్‌లో మా ఇంటి వెనక జాగాలో కూడా గోంగూర, కరివేపాకు, బీరపాదు, రెండు మందారాలు, ఆ ఊరికే పేరు తెచ్చిన సూరతీ పాప్డీ చిక్కుడు పెరిగేవి.

ఒక వానాకాలం మొదట్లో బీరపిందెలు రాత్రికి రాత్రే మాయం కావడం మొదలైంది. పాదు మొదట్లో పిడికిలి పట్టేంత కన్నం, దాని పక్కన తాజా మట్టికుప్ప. పందికొక్కు పని అని చూడగానే తెలిసింది. అందరూ చేసే పనే నేనూ చేశాను. బజారుకు వెళ్ళి ఎలుకల మందు తెచ్చి పెట్టాను. మూడు రోజుల్లో నాలుగు చచ్చాయి. ఒక ఎలుకను వీధి పిల్లి నోట కరచుకుని పోతుంటే అదిలించి లాక్కోవలసి వచ్చింది. ఇంకొకటి ఎక్కడో కనపడని చోట చచ్చి, వారం రోజులు వాసన కొట్టింది. అయినా సమస్య తీరిందనే అనుకున్నాను.

దసరా నాటికి మళ్ళీ కన్నం, మళ్ళీ మట్టికుప్ప!

నా దగ్గర చదువుకునే ఒక తెలుగు కుర్రవాడు, వాళ్ళది వరంగల్ వైపు, నన్ను ఒక మాట అడిగాడు. "సార్, మందు పెట్టిన్రు గదా, మల్ల ఎట్లొచ్చినయ్?" సైన్సు పాఠాలు చెప్పే నేను ఆ ప్రశ్న ముందే వేసుకుని ఉండవలసింది. అప్పుడు మందు పక్కన పెట్టి, నోటుపుస్తకం తీసుకుని మూడు రాత్రులు పెరడంతా గమనించాం. కనిపించినవి ఇవి. ఒకటి, మిగిలిన అన్నం, రొట్టెలు కూడా వేస్తున్న మా మూతలేని ఎరువు గుంట. రెండు, పక్కింటివారు పావురాలకు ఉదయం చల్లిన గింజలు, సాయంత్రానికి గోడవార మిగిలిపోతున్నవి. మూడు, కారుతున్న కుళాయి. నాలుగు, విరిగిన మురుగు మూత, దాని పక్కనే రెండేళ్ళుగా కదల్చని పాత పలకల దొంతర.

అంటే తిండి, నీళ్ళు, దాక్కునే చోటు. ఎలుకకు ఇంతకన్నా ఏం కావాలి? పిలవని అతిథి అని మనం అనుకుంటున్నాం గాని, విస్తరి వేసి, నీళ్ళు పెట్టి, గది ఇచ్చి పిలిచింది మనమే!

ధారణ సామర్థ్యం అంటే ఏమిటి?

ఒక చోట దొరికే తిండి, నీరు, ఆశ్రయం ఎన్ని జీవులకు సరిపోతాయో ఆ సంఖ్యను ఆ చోటు యొక్క 'ధారణ సామర్థ్యం' అంటారు. దీన్ని ఒక చిన్న లెక్కతో అర్థం చేసుకుందాం.

మీ పెరడు 12 ఎలుకలను పోషించగలదని అనుకుందాం. మీరు మందు పెట్టి 10 ఎలుకలను చంపారు. మిగిలింది రెండు. ఇప్పుడు ఆ రెండింటికీ 12 ఎలుకల తిండి ఉంది, పోటీ లేదు. ఎలుక గర్భంతో ఉండేది సుమారు మూడు వారాలే. ఒక్కో ఈతలో అయిదారు పిల్లలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఆ పిల్లలు రెండు మూడు నెలల్లోనే తల్లులు కాగలవు. ఇది చాలదన్నట్టు, పక్క పెరళ్ళలో తిండి చాలని ఎలుకలు ఖాళీ అయిన మీ పెరట్లోకి వలస వస్తాయి. కొద్ది నెలల్లో సంఖ్య మళ్ళీ 12కు చేరుతుంది. పన్నెండు దాటదు, ఎందుకంటే తిండి అంతకే ఉంది.

ఇప్పుడు రెండో దారి చూడండి. మీరు ఒక్క ఎలుకను కూడా చంపలేదు. ఎరువు గుంటకు మూత పెట్టారు, గింజలు ఎత్తేశారు, మురుగు మూత సరిచేశారు. పెరటి ధారణ సామర్థ్యం 12 నుంచి 3కు పడిపోయింది. తిండి చాలక కొన్ని వెళ్ళిపోతాయి, పుట్టే పిల్లల సంఖ్య తగ్గిపోతుంది. సంఖ్య మూడు దగ్గర నిలిచి, అక్కడే ఉంటుంది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 1940లలో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో డేవిడ్ డేవిస్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు వీధివీధినా ఎలుకల్ని లెక్కపెట్టి ఇదే సంగతి గమనించారు. పట్టి చంపిన చోట ఎలుకలు కొద్ది నెలల్లో మళ్ళీ పాత సంఖ్యకు పెరిగాయి. చెత్త, ఆశ్రయాలు తొలగించిన చోట తగ్గిన సంఖ్య తగ్గినట్టే నిలిచింది. మా సూరత్ పెరట్లో దసరా నాటికి ఎలుకలు ఎందుకు తిరిగి వచ్చాయో ఇప్పుడు మీకు అర్థమైంది కదా!

మందు ఎలా చంపుతుంది?

బజారులో దొరికే ఎలుకల మందుల్లో ముఖ్యమైనవి రెండు రకాలు. మొదటిది జింక్ ఫాస్ఫైడ్, నల్లని పొడి. ఇది కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువును పుట్టిస్తుంది. మనిషి మింగినా అదే జరుగుతుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. రెండోది బ్రోమాడయోలోన్ వంటిది. మన రక్తం గడ్డకట్టడానికి 'కె' విటమిన్ అవసరమని మీరు చదువుకున్నారు. ఈ మందు శరీరంలో ఆ విటమిన్ తిరిగి తయారు కాకుండా అడ్డుపడుతుంది. ఎలుక కొన్ని రోజుల తరువాత లోపల రక్తస్రావమై చనిపోతుంది. ఈ కొన్ని రోజులే ప్రమాదకరం. మందగించిన ఆ ఎలుకను గుడ్లగూబో, పిల్లో, పామో తింటే విషం దాని శరీరంలోకి కూడా చేరుతుంది. అంటే ఎలుకల్ని ఉచితంగా వేటాడే మన సేవకుల్ని మనమే చంపుకున్నట్టు.

చిన్నపిల్లలున్న ఇళ్ళలో తిండిలో కలిపి పెట్టిన ఎలుకల మందు ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? తప్పనిసరి అయితే పెద్దలు బోను వాడటం మేలు. జిగురు అట్టలు కూడా వద్దు. వాటికి ఎలుక ఒక్కటే అంటుకోదు, బల్లులు, తొండలు, పిచ్చుకలు కూడా అంటుకుని గంటల తరబడి నరకం అనుభవిస్తాయి.

సూరత్, 1994

ఇప్పుడు పెరటి గోడ దాటి నగరంలోకి వెళదాం.

1994 సెప్టెంబరు. వానలకు, తాపీ వరదకు సూరత్‌లోని లోతట్టు వాడలు మునిగి తేలాయి. ఎత్తని చెత్త, చచ్చిన పశువులు వీధుల్లోనే కుళ్ళాయి. అంతకు ముందు నెలలోనే మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో ప్లేగు కనిపించిందన్న వార్తలు వచ్చాయి. సెప్టెంబరు మూడో వారంలో సూరత్‌లోని వేద్ రోడ్డు ప్రాంతంలో జ్వరం, దగ్గు, రక్తం పడటం వంటి లక్షణాలతో మనుషులు చనిపోవడం మొదలైంది. అది న్యుమోనిక్ ప్లేగు, అంటే ఊపిరితిత్తుల ప్లేగు. ఆ వార్త పొక్కగానే లక్షలాది జనం రైళ్ళు, బస్సులు పట్టుకుని ఊరు విడిచిపోయారు. వారిలో మగ్గాల మీద పనిచేసే తెలుగువాళ్ళూ, ఒడియావాళ్ళూ ఉన్నారు. మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ దొరకలేదు. విదేశాలు మన దేశానికి విమానాలు ఆపేశాయి. దేశం మొత్తమ్మీద చనిపోయినవారు యాభైమందికి పైగా.

ప్లేగుకు, ఎలుకకు ఏమిటి సంబంధం? ప్లేగును కలిగించేది యెర్సీనియా పెస్టిస్ అనే బాక్టీరియా. 1894లో హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ దాన్ని కనుగొన్నాడు. అది ఎలుక నుంచి మనిషికి ఎలా వస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. 1898లో, అప్పటి మన దేశంలో భాగమైన కరాచీలో పాల్ లూయీ సిమోండ్ అనే ఫ్రెంచి వైద్యుడు ఆ చిక్కుముడి విప్పాడు. ఎలుక వంటి మీద రెక్కల్లేని, గెంతుతూ తిరిగే ఒక చిన్న రక్తం పీల్చే పురుగు ఉంటుంది. దాన్ని ఫ్లీ అంటారు. ఎలుక చచ్చి చల్లబడగానే ఫ్లీలు దాన్ని వదిలి వేరే వెచ్చని శరీరం వెతుక్కుంటాయి. దగ్గరలో మనిషి ఉంటే మనిషిని కుడతాయి. సిమోండ్ మాటను మొదట్లో చాలామంది నమ్మలేదు. తరువాతి పరిశోధనలు ఆయన చెప్పింది నిజమని తేల్చాయి.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. ఊపిరితిత్తుల ప్లేగు సోకిన మనిషి దగ్గితే, ఆ తుంపరల ద్వారా అది నేరుగా ఇంకో మనిషికి అంటుతుంది. అక్కడ ఎలుక అవసరం లేదు. గొలుసు ఎలుకతో మొదలై మనిషితో సాగుతుంది. సూరత్ ప్లేగు ఎక్కడ, ఎలా మొదలైందన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య చాలా చర్చ జరిగింది. కాని చెత్త, నిలువనీరు, ఎలుకలు ఉన్న నగరం ఏ రోగానికైనా తలుపులు తీసి పెట్టినట్టే అన్న విషయంలో ఎవరికీ సందేహం రాలేదు.

సూరత్ ఏం చేసింది?

1995 మే నెలలో ఎస్.ఆర్.రావు అనే ఐ.ఏ.ఎస్. అధికారి సూరత్ మునిసిపల్ కమిషనర్‌గా వచ్చారు. నగరాన్ని మండలాలుగా చూసి, ఒక్కో మండలానికి ఒక్కో అధికారిని బాధ్యుణ్ణి చేసి, నిర్ణయాలు అక్కడికక్కడే తీసుకునే అధికారం ఇచ్చారు. అధికారులందరూ రోజూ కార్యాలయం వదిలి వీధుల్లో తిరిగి చూడాలన్నారు. ఏసీ గది వదిలి రోజువారీ పనిలోకి దిగడం కాబట్టి ఆ పద్ధతికి 'ఏసీ నుంచి డీసీ' అని పేరు వచ్చింది. రాత్రిపూట కూడా వీధులు ఊడ్చారు. చెత్త బయట పారేసే హోటళ్ళకు, దుకాణాలకు, పెద్దా చిన్నా చూడకుండా జరిమానా వేశారు. మురికివాడల్లో దారులు పరిచారు, మురుగు కాల్వలు వేశారు. 1996లో ఇన్‌టాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తరువాత దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా గుర్తించింది. రెండేళ్ళ క్రితం జనం పారిపోయిన ఊరు అది!

ఆ అలవాటు అక్కడితో ఆగిపోలేదు. స్వచ్ఛ సర్వేక్షణ్ 2023 ఫలితాల్లో సూరత్, ఇందౌర్‌తో కలిసి మొదటి స్థానంలో నిలిచింది.

సూరత్‌ను నిలబెట్టిన పని ఏది? కొత్త విషమేదో కనిపెట్టి ఎలుకలన్నింటినీ చంపడం కాదు. చెత్త, నిలువనీరు, దాక్కునే చోటు, ఈ మూడింటినీ రోజూ, ఎక్కడికక్కడ తగ్గించడం. అంటే నగరం ధారణ సామర్థ్యాన్ని తగ్గించడం. నగరానికి పనికివచ్చిన సూత్రం పెరటికి పనికిరాదా?

వానలో చెప్పులు లేకుండా తోటపని చేయకండి

ప్లేగు అరుదు. కాని ఎలుకల వల్ల వచ్చే మరో జబ్బు దక్షిణ గుజరాత్‌లో వానాకాలంలో తరచుగా కనిపిస్తుంది. అది లెప్టోస్పైరోసిస్. దీన్ని ఎలుక జ్వరం అని కూడా అంటారు. సూరత్, నవసారి, వల్సాడ్ జిల్లాల్లో వరి, చెరకు పొలాల్లో బురదలో దిగి పనిచేసే రైతులు, కూలీలు దీనికి ఎక్కువగా గురవుతారు.

లెప్టోస్పైరా అనే మెలితిరిగిన బాక్టీరియా ఎలుక మూత్రపిండాల్లో ఉంటుంది. ఎలుకకు దానివల్ల పెద్దగా బాధ ఉండదు. మూత్రంతో బయటికి వచ్చి తడినేలలో, నిలువనీటిలో రోజుల తరబడి బతుకుతుంది. మన కాలి పగుళ్ళ నుంచి, గాయాల నుంచి లోపలికి వెళుతుంది. తీవ్రమైన జ్వరం, ఒళ్ళు నొప్పులు, ముఖ్యంగా పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం దీని గుర్తులు. ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. తొలిదశలో యాంటీబయాటిక్ మందులతో నయమవుతుంది. కాబట్టి వానాకాలంలో తోటపని చేసిన కొద్ది రోజులకు జ్వరం వస్తే, "బురదలో పనిచేశాను" అని డాక్టరుగారితో తప్పక చెప్పండి. ఆ ఒక్క మాట ప్రాణం నిలబెట్టవచ్చు. తోటపనికి బూట్లు, చేతి తొడుగులు వేసుకోండి. పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి.

కుండీ కింది పళ్ళెం – దోమల ఊయల

ఇప్పుడు నీళ్ళ సంగతి. డెంగీని మోసే ఈడిస్ దోమకు చెరువు అక్కరలేదు. కుండీ కింది పళ్ళెం, పాత టైరు, కూలర్ తొట్టి, కొబ్బరిచిప్ప చాలు. గుడ్డు నుంచి దోమ ఎగిరే దాకా పట్టేది సుమారు వారం, పది రోజులు. అందుకే వారానికి ఒక్కరోజు నీళ్ళన్నీ పారబోయమంటారు. ఆ ఒక్కరోజుతో దోమ జీవితచక్రం మధ్యలో తెగిపోతుంది.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. నీళ్ళు పారబోసి ఊరుకుంటారు. ఈడిస్ దోమ గుడ్లు నీళ్ళలో కాదు, నీటిమట్టానికి కాస్త పైన పాత్ర గోడకు అంటించి పెడుతుంది. ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్ళీ నీళ్ళు తగలగానే పిగులుతాయి. కాబట్టి పళ్ళేన్ని పారబోయడమే కాదు, పీచుతో గట్టిగా రుద్ది కడగాలి.

గింజలు చల్లే చేతికి ఒక మాట

గుజరాత్ ఊళ్ళలో 'చబుతరో' అనే అందమైన కట్టడం కనిపిస్తుంది. పావురాలకు, ఇతర పక్షులకు గింజలు వేయడానికి స్తంభం మీద కట్టిన చిన్న మంటపం అది. పక్షులకు తిండి పెట్టడం అక్కడి వారికి పుణ్యకార్యం. ఆ దయను తప్పుపట్టనక్కరలేదు. కట్టడాన్ని గమనిస్తే పెద్దల తెలివి కూడా తెలుస్తుంది. గింజలు నేల మీద కాదు, ఎత్తున వేస్తారు. మనం ఇప్పుడు బాల్కనీల్లో, గోడల మీద, నేల మీద చల్లేస్తున్నాం. పగలు పావురం తినగా మిగిలింది రాత్రి ఎలుక తింటుంది.

పావురాల రెట్ట ఎండి పొడి అయితే, ఆ ధూళి పీల్చిన కొందరికి ఊపిరితిత్తుల్లో అలర్జీ జబ్బు వస్తుంది. కాబట్టి రెట్టను పొడిగా ఊడ్చకండి. నీళ్ళు చల్లి, మూతికి గుడ్డ కట్టుకుని తుడవండి. గింజలు వేయాలనుకుంటే పక్షులు అప్పటికప్పుడు తినేటంతే, ఎత్తున పళ్ళెంలో వేసి, మిగిలింది సాయంత్రంలోగా ఎత్తేయండి. విత్తనాలు నాటిన మడిని పావురాలు, ఉడుతలు తవ్వకుండా మొలకలు వచ్చేదాకా ఇనుప జాలి కప్పితే చాలు.

పాము కనిపిస్తే?

ఎలుకలున్న చోటికి పాము వస్తుంది. ఇది దాని తప్పు కాదు, ఆహారపు గొలుసు. మన పెరళ్ళలో తరచుగా కనిపించే పొడవాటి పాము జెర్రిపోతు. గుజరాతీలో దాన్ని 'ధామణ్' అంటారు. దానికి విషం లేదు. అది ఎలుకల్ని తింటుంది. దాన్ని నాగుపామనుకుని కొట్టి చంపేవాళ్ళు చాలామంది.

మన దేశంలో పాముకాటు మరణాలకు ప్రధాన కారణంగా చెప్పేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు మందు ఈ నాలుగింటి విషానికీ పనిచేసేలా తయారవుతుంది. పాము ఏదో గుర్తుపట్టే పని మీది కాదు. కనిపిస్తే దూరంగా జరగండి, పిల్లల్ని పక్కకు తీసుకువెళ్ళండి, అటవీ శాఖకు లేదా పాములు పట్టడంలో శిక్షణ పొందినవారికి కబురు పెట్టండి. పామును చంపడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం కూడా.

ఒకవేళ కాటు వేస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం వద్దు. ఆ మనిషికి ధైర్యం చెప్పి, కాటుపడిన కాలు లేదా చెయ్యి కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి చేర్చండి. మంత్రాలకు పోయే ప్రతి నిమిషమూ నష్టమే.

పాము రాకుండా ఉండాలంటే ఏవో పొడులు చల్లనక్కరలేదు. కట్టెల మోపులు, రాళ్ళ కుప్పలు తీసేయండి. గడ్డి కోయండి. చీకట్లో పెరట్లోకి వెళ్ళేటప్పుడు టార్చి, చెప్పులు మరువకండి. అన్నిటికన్నా ముందు ఎలుకల్ని తగ్గించండి.

మందార మీద తెల్ల దూది

చివరగా ఒక చిన్న జీవి. మందార కొమ్మల మీద దూది అంటినట్టు తెల్లగా కనిపించేది పిండినల్లి. 2006 ప్రాంతంలో ఇలాంటి పిండినల్లి ఒకటి గుజరాత్ పత్తి చేలను దెబ్బతీసింది. దాని పుట్టిల్లు ఉత్తర అమెరికా. వంటి మీద మైనపు పొర ఉంటుంది కాబట్టి మందులు దానికి సరిగా అంటవు. కొద్ది కాలానికి ఈనేసియస్ అనే చీమంత కందిరీగ పొలాల్లో కనిపించింది. అది పిండినల్లి శరీరంలోనే గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు నల్లిని లోపలి నుంచి తినేస్తుంది. ఘాటైన మందులు కొట్టిన చోట నల్లి కన్నా ముందు ఈ కందిరీగే చచ్చిపోతుంది. ఎలుకల మందు, గుడ్లగూబ కథ ఇక్కడ కూడా గుర్తుకు వస్తోంది కదా!

ఇంటి మందారకు ఏం చేయాలి? పిండినల్లి ఉన్న చోట చీమల బారు కూడా ఉంటుంది. నల్లి విసర్జించే తియ్యని రసం కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, కందిరీగల్ని తరుముతాయి. చీమల దారి ఆపితే సగం పని అయినట్టే. బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి కట్టిపడేయండి. మిగిలిన చోట నీటిధారతో కడిగి, లీటరు నీటిలో ఒక చెంచాడు సబ్బు ద్రవం కలిపి సాయంత్రం చల్లండి. సబ్బు ఆ మైనపు పొరను దెబ్బతీస్తుంది. ముందు ఒక్క ఆకు మీద చల్లి చూసి, మరునాడు అది వాడకపోతేనే మొక్కంతా చల్లండి.

మా పెరడు ఏమైంది?

ఎరువు గుంటకు ఇనుప జాలి, మూత పెట్టాం. వండిన పదార్థాలు వేయడం మానేశాం. కుళాయి బాగుచేయించాం. పలకల దొంతర తీసేశాం. ఎలుక అర అంగుళం సందులోంచి కూడా దూరగలదు. అందుకే తలుపు కింది సందుకు రేకు కొట్టించాం. పక్కింటి పెద్దావిడ దగ్గరికి వెళ్ళి, "బా, గింజలు మానవద్దు, ఎత్తున పళ్ళెంలో వేయండి" అని అడిగితే ఆవిడ నవ్వి ఒప్పుకుంది. గుజరాతీలో అమ్మను, అవ్వను 'బా' అంటారు. ఆ మాట అడగకపోతే మిగతా పనులన్నీ వృథా అయ్యేవి. ఎలుకకు గోడ సరిహద్దు కాదు కదా! ఆ తరువాత కూడా అప్పుడప్పుడు ఒకటి రెండు ఎలుకలు కనిపించాయి. కాని బీరకాయలు మాకే దక్కాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'హానికర జీవులు' అన్న ఒక పట్టిక ఉండేది. కాకి, ఎలుక, చుంచు, పండ్లు తినే గబ్బిలం అందులో ఉండేవి. 2022 సవరణతో ఆ పట్టికను తీసేశారు. ఫలానా జీవి పుట్టుకతోనే చెడ్డది అనడం కన్నా, ఫలానా చోట, ఫలానా పరిస్థితిలో దానివల్ల హాని కలుగుతోంది అనుకోవడం విజ్ఞానశాస్త్రానికి దగ్గరైన ఆలోచన. పరిస్థితిని మార్చడం మన చేతుల్లోనే ఉంది.

మీరు చేసి చూడండి

1. మీ పెరడు లేదా మేడ పటం గీయండి. తిండి దొరికే చోట్లు ఎరుపు రంగులో, నీరు నిలిచే చోట్లు నీలంలో, దాక్కునే చోట్లు నలుపులో గుర్తించండి. మూడు రంగులూ దగ్గరగా ఉన్న చోటు నుంచి పని మొదలుపెట్టండి.

2. కుండీ కింది పళ్ళేలు వారానికి ఎవరు, ఏ రోజు రుద్ది కడగాలో ఇంట్లో నిర్ణయించి, క్యాలెండరు మీద రాయండి.

3. ఇంట్లో ఎలుకల మందు, పురుగుమందు ఎక్కడ ఉన్నాయో చూడండి. చిన్నపిల్లలకు అందని చోట, తాళం వేసిన పెట్టెలో పెట్టమని పెద్దలకు చెప్పండి.

4. మీ వీధిలో అయిదు ఇళ్ళవారితో మాట్లాడి, చెత్త ఎక్కడ, ఎన్ని గంటలపాటు నిలుస్తోందో రాసుకోండి. ఆ వివరాలను మీ పంచాయతీకి గాని మునిసిపాలిటీకి గాని అందజేయండి.

సూరత్ ఈ పాఠాన్ని యాభైకి పైగా ప్రాణాలు పోయిన ఆ సెప్టెంబరు తరువాత నేర్చుకుంది. మనం అంతదాకా ఆగనక్కరలేదు. ఈ సాయంత్రం ఒకసారి పెరట్లోకి వెళ్ళి, కారుతున్న కుళాయి కట్టేసి, ఎరువు గుంటకు మూత పెట్టి రండి.